తెప్ప, బాడిస, గొలుసు రంపం

నెల్లూరి నుండి తూర్పుగా మైపాడు దారి పట్టి పోతే, బకింగ్‌హాం కాలువ దాటిన తరువాత ఇసుక నేలలు మొదలవుతాయి. ఇసుక మొదలైన చోట సరుగుడు తోపులు మొదలవుతాయి. గాలికి ఆ తోపులు చేసే ధ్వని సముద్రఘోషకు పల్లవి వంటిదని ఆ దారిన నడిచిన వారందరికీ తెలుసు. మొన్నొక ఉదయం ఆ ధ్వని వినిపించలేదు. దాని స్థానంలో ఒక యంత్రం గొంతు చించుకుంటున్నది. ఇద్దరు మనుషులు, ఒక గొలుసు రంపం. నేను టీ తాగి వచ్చేలోగా ఒక వరుస నేల మీద పరుచుకుని ఉంది.

కూలీలు దానిని "కోత మిషను" అంటున్నారు. నేను గొలుసు రంపం అంటాను. పళ్లు ఉన్నది గొలుసుకే కనుక పేరు అతకకపోదు. ఇంతకన్న చక్కని పేరు ఎవరికైనా తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

ఈ రంపంతో ప్రపంచంలో ఇతర చోట్ల బొమ్మలు చెక్కుతారు. నిలువెత్తు ఎలుగుబంట్లు, రెక్కలు విప్పిన గద్దలు, మనుషుల ముఖాలు. మన తీరంలో అది చెట్టు కూల్చడానికి, కూలిన చెట్టును ముక్కలు చేయడానికి మాత్రమే తెలుసు. అట్లాగని నిలువెత్తు దుంగను చెక్కి రూపం తీసే విద్య ఈ తీరానికి కొత్తదా అంటే, కాదు. వందల యేండ్లుగా ఇక్కడ దుంగలు చెక్కారు. ఆ చెక్కడం పేరు శిల్పం కాదు, తెప్ప. ఆ విద్య వెళ్లిపోతున్న ద్వారం గుండానే ఈ యంత్రం లోపలికి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకోలేదు. ఆ కలవకపోవడం గురించే ఈ వ్యాసం.

తెప్ప

ఆంగ్లంలో కాటమరాన్ అనే మాట ఉంది. నేడు సిడ్నీలోనో, మయామీలోనో రెండు డొల్లల మీద తేలే విలాస నౌకను ఆ పేరుతో పిలుస్తారు. అది తమిళ 'కట్టుమరం'. కట్టిన మాను అని అర్థం. తమిళ 'మరం', మన 'మ్రాను', 'మాను' ఒకే తల్లి బిడ్డలు. 1697లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో విలియం డాంపియర్ అనే ఆంగ్ల నావికుడు (ఓడదొంగ అన్నా తప్పు లేదు) కోరమాండల్ తీరపు ఈ దుంగల వాహనాన్ని ఆ పేరుతోనే వర్ణించాడు. పేరు మన తీరం నుండి లోకమంతా తిరిగింది. వస్తువు మాత్రం ఆ పేరు కింద పూర్తిగా మారిపోయింది. మనకు అది తెప్ప. ఆలయపు కోనేటిలో తెప్పోత్సవం నాడు దేవుడు ఎక్కేది, అలల మీద జాలరి ఎక్కేది, భాషలో ఒకటే.

నెల్లూరు తీరానికి తెప్ప ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఆ తీరాన్ని చూడాలి. సహజమైన ఓడరేవులు అరుదు. ఒడ్డున ఇసుక, ఆ ముందు ఎడతెగక విరిగే అలలు. 1626లో ఆంగ్లేయ కంపెనీ దుగరాజపట్నంలో, వారి కాగితాలలో ఆర్మగాం అని వ్రాసుకున్న చోట, కోరమాండల్ తీరంలో తమ మొదటి కోట కట్టిన స్థావరం పెట్టుకుంది. అక్కడి అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే యే 1639లో దక్షిణంగా పోయి మద్రాసు స్థలం సంపాదించాడు. ఆర్మగాంలోనైనా, మద్రాసులోనైనా పెద్ద ఓడలు దూరాన లంగరు వేసుకుని నిలబడేవి. అక్కడికీ ఒడ్డుకూ మధ్య విరిగే అలలను దాటగలిగినవి రెండే: మేకు అనేది లేకుండా కొబ్బరిపీచు తాడుతో బల్లలను కుట్టిన మసూలా పడవ, దుంగలను కట్టిన తెప్ప. కుట్టిన పడవ అలకు ఒదిగి వంగుతుంది. తెప్పకు మునిగే భయమే లేదు. నీరు పైకి వచ్చి, సందుల గుండా కిందికి పోతుంది. కోటలు కట్టినవారు ఒడ్డు చేరడానికి కట్టు విప్పితే దుంగలైపోయే ఆ వాహనం మీద ఆధారపడ్డారు.

దుంగలు కట్టడమే గదా, ఇందులో చెక్కడం ఏముంది అని అనిపించవచ్చు. దూరం నుండి చూస్తే అట్లాగే ఉంటుంది. దగ్గరికి పోతే ఏ రెండు దుంగలూ ఒకటి కావు. నడిమి దుంగ పొడవు, దాని స్థానం కొంచెం కిందికి. పక్క దుంగలు దానికి ఒరసి, కొంచెం పైకి. అన్నీ కలిస్తే పైభాగం లోతు తక్కువ పళ్లెంలా ఉండాలి, అడుగు భాగం నీటిని కోసేలా నునుపుగా ఉండాలి. ముందుకొన సన్నబడి పైకి లేవాలి. లేకపోతే అల కిందికి దూరుతుంది. దుంగకూ దుంగకూ మధ్య ఒరుపు సరిపోకపోతే తాడు ఎంత బిగించినా తెప్ప నడుస్తున్నప్పుడు కదులుతుంది; కదిలిన తాడు అరుగుతుంది; అరిగిన తాడు సముద్రంలో తెగుతుంది. అంటే చెక్కిన చేతి తప్పు ఎక్కినవాడి ప్రాణం మీదికి వస్తుంది. బొమ్మకు ముక్కు వంకర పోతే నవ్వుకుంటాము. తెప్పకు వంకర పోతే ఇంటి దగ్గర ఎదురుచూస్తారు.

మద్రాసు మత్స్యశాఖకు అధిపతిగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల రూపాల మీద ఒక పెద్ద వ్యాసం ప్రకటించాడు. తీరం పొడుగునా తెప్పలు ఒక తీరువి కావని ఆయన గమనించాడు. దక్షిణాన దుంగలను తాడుతో కట్టి, పని కాగానే విప్పే జాతి. ఉత్తరాన విశాఖ, గంజాం వైపు దుంగలను కొయ్యమేకులతో బిగించి పడవ ఆకారానికి తెచ్చిన జాతి. నెల్లూరు తీరం మొదటి దానికి చెందింది. ఇక్కడి పట్టపువారి మాటలో తమిళం, తెలుగు కలిసినట్లే, ఇక్కడి తెప్పలోనూ దక్షిణపు కట్టు కనిపిస్తుంది.

పనిముట్లు నాలుగైదుకు మించవు. గొడ్డలి, బాడిస, ఉలి, రంధ్రానికి బర్మా, కొలతకు తాడు. ఇందులో రాణి బాడిస. గొడ్డలి అలుగు పిడికి సమాంతరంగా ఉంటుంది. బాడిస అలుగు అడ్డంగా, మనిషి వైపు తిరిగి ఉంటుంది. దుంగ మీద నిలబడి, కాళ్ల మధ్యగా, తన పాదాల వైపే విసురుకోవాలి. పెచ్చు పలచగా, చుట్ట చుట్టుకుని లేచిందంటే అలుగు ఈనె వాలుకు పోతున్నదని అర్థం. పెచ్చు ముక్కగా పెళ్లున లేచిందంటే ఈనెకు ఎదురు పోతున్నదని అర్థం. వెంటనే అటు తిరిగి చెక్కాలి. కన్ను చూడకముందే ఈ సంగతి చెవికి తెలుస్తుంది. ఈ "చెవికి తెలియడం" అన్న మాట గుర్తుపెట్టుకోవలసిందిగా మనవి. దీని అవసరం ముందు ముందు వస్తుంది.

పురుగు నేర్పిన విద్య

తెప్పను విప్పి దుంగలను ఇసుక మీద ఆరబెట్టడం చాలామంది చూసే ఉంటారు. నానిన దుంగ బరువెక్కుతుంది కనుక ఆరబెట్టాలి. మరొక కారణం కూడా ఉంది: ఓడపురుగు. పేరుకు పురుగే గాని ఇది నిజానికి నత్తల, ఆల్చిప్పల బంధువు. ఉప్పునీట నానిన కొయ్యలో చిన్న రంధ్రం చేసుకుని లోపలికి పోయి, పైకి ఏమీ కనపడకుండా లోపలంతా గుల్ల చేస్తుంది. ఎండలో ఆరిన దుంగలో అది బతకదు. తెప్ప కట్టు విప్పడమన్నది వట్టి ఆచారం కాదు, వైద్యం.

ఈ ఓడపురుగును చూసే మార్క్ బ్రూనెల్ అనే ఇంజనీరు నీటి కింద సొరంగం తవ్వే కవచానికి 1818లో హక్కుపత్రం పొందాడు; ఆ పద్ధతిలోనే లండనులో థేమ్సు నది కింద సొరంగం తయారై 1843లో తెరుచుకుంది. విచిత్రం ఏమంటే, గొలుసు రంపానికి గురువు కూడా ఒక కొయ్యపురుగే.

గొలుసుకు పళ్లు పెట్టాలన్న ఆలోచన మొదట అడవిలో పుట్టలేదు, ఆసుపత్రిలో పుట్టింది. 1780లలో స్కాట్లండు వైద్యులు జాన్ ఎయిట్‌కెన్, జేమ్స్ జెఫ్రీలు ఎముక కోయడానికి చేతితో అటూ ఇటూ లాగే సన్నని పళ్ల గొలుసును వాడారు. కష్టమైన కాన్పులలో కూడా దానిని వాడారని చదివినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. 1830లో జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ హైనె పిడి తిప్పితే గొలుసు తిరిగే ఎముక రంపాన్ని తయారుచేశాడు. చెట్టు దాకా రావడానికి మరొక శతాబ్దం పట్టింది. ఆండ్రియాస్ ష్టిల్ 1926లో విద్యుత్తుతో నడిచే గొలుసు రంపాన్ని, 1929లో పెట్రోలుతో నడిచేదాన్ని తెచ్చాడు. అవి ఇద్దరు మోయవలసినంత బరువు. ఒక్కడు పట్టుకునే రంపాలు వాడుకలో స్థిరపడింది 1950ల నాటికే.

అప్పటికీ గొలుసు పళ్లు పాత చేతిరంపపు పళ్ల నకళ్లే. అవి కొయ్యను గీకేవి, పొడి చేసేవి, తొందరగా మొండిపోయేవి. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కొయ్యకోత పనివాడు ఒక మొద్దులో పేడపురుగంత లార్వాను చూశాడు. అది ఈనె వాలుకూ, అడ్డానికీ ఒకే సులువుతో తొలుచుకుపోతున్నది. దాని దవడలు వంపు తిరిగి, ఒకటి ఎడమకు ఒకటి కుడికి కొరుకుతున్నాయి. ఆ దవడనే ఉక్కులో పోసి 1947లో కొత్త గొలుసు అమ్మకానికి పెట్టాడు. నేడు లోకంలో తిరుగుతున్న దాదాపు ప్రతి గొలుసు పన్నుకూ మూలరూపం అదే. గీకే పన్ను పోయి, చిత్రిక పట్టినట్లు పెచ్చు లేపే పన్ను వచ్చింది. అంటే గొలుసు రంపం పేరుకే రంపం. పనిలో అది వరుసగా కట్టిన చిన్న చిన్న బాడిసల దండ. మన వడ్రంగి చేతిలో ఒకటే బాడిస, దీనిలో డజన్లు, సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో.

యంత్రం ఒక్క మనిషి చేతికి రాగానే చెక్కడం మొదలైంది. 1950లలోనే అమెరికాలో రే మర్ఫీ వంటివారు దీనితో అక్షరాలు, బొమ్మలు చెక్కి జనానికి చూపారు. కాలిఫోర్నియాలోని ఎర్రచెట్ల అడవుల ప్రాంతంలో కెన్ కైజర్ 1961 ప్రాంతాల జానపద కథల బొమ్మలను వరుసగా చెక్కి దారి పక్కన నిలిపాడు. చదువుకున్న శిల్పులు మొదట దీనిని గారడీ అన్నారు. చెట్లు కొట్టే కూలీలు మాత్రం పని లేని వేళ మిగిలిన మొద్దుల మీద చేయి తిప్పుకున్నారు. కళలు ఇట్లాగే పుడతాయి కాబోలు. ముందు మిగిలిపోయిన కొయ్య, మిగిలిపోయిన పొద్దు ఉండాలి.

ఇక్కడ జరిగింది

ఆ కాలంలోనే మన తీరంలో మరొకటి జరుగుతున్నది. తెప్పకు తేలికైన, లావైన, సూటిగా పెరిగిన దుంగ కావాలి. అటువంటి మాను ఇసుక నేలలో పెరగదు. దూరపు కొండల నుండి రావాలి. అడవులు తరిగాయి, దుంగల ధర పెరిగింది. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం మొదలైంది. అలల తీరంలో ఒడ్డుకు చేరగలిగే కొత్త పడవల రూపాలను వారు పరీక్షించారు. క్రమంగా ఫైబరు పడవ వచ్చింది. పురుగు తినదు, ఆరబెట్టనక్కరలేదు, మోటారు తగిలించుకోవచ్చు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తీరమంతటా సహాయంగా అందినవి ఎక్కువగా ఫైబరు పడవలే. తెప్పకు అది చివరి దెబ్బ అని చెప్పవచ్చు.

దీనికి నేను కన్నీరు కార్చబోను. తెప్ప మీద మోకాళ్ల దాకా నీటిలో కూర్చుని రాత్రంతా వేట చేసినవాడిని అడగకుండా తెప్ప అందం గురించి వ్రాయడం ఒడ్డున కూర్చున్నవారి వేడుక. ఫైబరు పడవ అతనికి సుఖాన్ని, దూరాన్ని ఇచ్చింది. పోయినది పడవ కాదు. పడవతో పాటు ఒక చేతివాటం. ఫైబరు పడవ అచ్చులో నుండి వస్తుంది. అచ్చుకు ఈనె లేదు, ముడి లేదు, వినవలసిన చప్పుడు లేదు.

ఇక సరుగుడు సంగతి. ఇది మన చెట్టు కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలది. పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో, మద్రాసు రైలింజన్లకు కట్టెల కోసం ఈ తీరపు ఇసుకల్లో విరివిగా నాటించారు. శ్రీహరికోట అడవి కూడా చాలాకాలం చెన్నపట్నపు పొయ్యిలకు కట్టెలు పంపిన అడవే. బకింగ్‌హాం కాలువ మీద పడవలలో పోయేవి. 1969లో ఆ దీవిని రాకెట్ల కేంద్రానికి తీసుకున్నారు, 1971 అక్టోబరులో మొదటి రాకెట్టు లేచింది. ఇన్నాళ్లకు రైలింజన్లూ పోయాయి, కట్టెల పడవలూ పోయాయి. సరుగుడు మాత్రం నిలిచింది, ఇప్పుడు కాగితపు గుజ్జుకు, కట్టడాల కింద ఊతాలకు. గొలుసు రంపం మన తీరానికి వచ్చింది ఈ పనికే. దాని ముందు పడినది ఎప్పుడూ ఒకే లావు, ఒకే పొడవు, ఒకే కోత. దానిచేత రూపం తీయించవచ్చునన్న ఊహ రావడానికి ఆ తోపులలో అవకాశమే లేదు.

చేతికి చెప్పవలసిన మాటలు

గత ఏడాది ఇంటి వెనుక గాలివానకు ఒక వేపచెట్టు పడింది. నాలుగడుగుల మొద్దు ఒకటి ఉంచుకుని, రంపం పనివాడి చేత పైపై కోతలు వేయించి, మిగతాది నేను ఉలితో చేద్దామని ఎండలో పెట్టాను. పది రోజులకు నడి గుండె దాకా నిలువునా పగిలింది. తెప్పలు కట్టిన ఒక ముసలి వడ్రంగికి చూపితే నవ్వి అన్నాడు: "అబ్బయా, అది నీళ్లు తాగను ఎన్నేళ్లు తీసుకునిందో చూసినావా? పది దినాల్లో కక్కమంటే పగలకుండా ఏం చేస్తాది?"

ఆ తరువాత చదివినదీ, అడిగినదీ, చేసి నేర్చుకున్నదీ కలిపి, ఆసక్తి ఉన్న మిత్రుల కోసం కొన్ని మాటలు.

ముందు కొయ్య. ఆరేటప్పుడు కొయ్య అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. చుట్టుకొలత దిశలో ముడుచుకునేది, నడిబొడ్డు నుండి బెరడు దిశలో ముడుచుకునేదానికి దాదాపు రెట్టింపు. అందుకే గుండ్రని మొద్దు పగలక తప్పదు. తప్పనిదాన్ని మనకు నచ్చిన చోటికి మళ్లించవచ్చు: బొమ్మ వెనుక వైపు పై నుండి కింది దాకా నడిబొడ్డును అందేలా ఒక కోత వేస్తే, పగులు ఆ కోతలోనే విచ్చుకుంటుంది, ముఖం నిలుస్తుంది. రెండు కొనలకూ మైనమో, రంగో పూయాలి. నీడన ఉంచాలి. సరుగుడు చాలా గట్టిది, పగుళ్ల మారిది, కొత్తవారికి పనికిరాదు. తాటిమానుకు బయట ఇనుము, లోపల దూది. మామిడి, నిద్రగన్నేరు చెప్పిన మాట వింటాయి. వేప మంచిదే గాని ఈనె అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది.

తీరంలో మరొక చిక్కు ఇసుక. గాలికి కొట్టుకువచ్చిన ఇసుక బెరడు పగుళ్లలో కూరుకుని ఉంటుంది. బెరడు మీద నుండే రంపం దింపితే కొన్ని కోతలకే పళ్లు మొండిపోతాయి. ముందు గొడ్డలితో బెరడు ఒలవాలి. మొద్దు కింద చెక్క పెట్టి నేల నుండి ఎత్తాలి. తెప్ప పనివారు బెరడు లేని దుంగ మీదే బాడిస ఎత్తేవారు. పదును కాపాడుకోవడం వారికి చాదస్తం కాదు, కూలి.

రంపం. చెట్టు కోసే పెద్ద రంపంతో మొద్దు తగ్గించవచ్చు గాని ముఖం చెక్కలేము. చెక్కడానికి ప్రత్యేకమైన సన్నని బారు ఉంటుంది. దాని కొన వ్యాసాన్ని అమెరికా నాణేల పేర్లతో డైమ్, క్వార్టర్ అని పిలుస్తారు. మొదటిది సుమారు 18, రెండవది 24 మిల్లీమీటర్లు. వీటికి పావు అంగుళం పిచ్ గల చిన్న గొలుసు వాడతారు. కొన ఎంత చిన్నదైతే, ఎదురు తన్నే గుణం అంత తగ్గుతుంది.

ఆ ఎదురు తన్నుడే ఇందులో అసలు ప్రమాదం. తిరిగే గొలుసు బారు కొనలోని పై సగంతో కొయ్యను తాకిందా, రంపం మొత్తం క్షణంలో వెనక్కు, పైకి, పట్టుకున్నవాడి ముఖం మీదికి లేస్తుంది. మామూలు బారుతో ఆ భాగాన్ని ఎన్నడూ కొయ్యకు తగలనీయరాదు. బారు కింది అంచుతో కోస్తే రంపం ముందుకు లాగుతుంది, పై అంచుతో కోస్తే మన మీదికి తోస్తుంది. ఏది చేస్తున్నామో ప్రతి కోతకూ ముందే తెలిసి ఉండాలి. ఎడమ బొటనవేలు ముందు పిడిని చుట్టి ఉండాలి. రంపం భుజాలకు పైకి లేపరాదు. దెబ్బ తగలగానే గొలుసును ఆపే బ్రేకు 1970లలో వచ్చింది. అది పనిచేయని రంపాన్ని ముట్టుకోనే వద్దు. సరుగుడు తోపులలో లుంగీ, రబ్బరు చెప్పులతో ఈ పని చేయడం చూసినప్పుడల్లా గుండె చేతిలోకి వస్తుంది. తలకు శిరస్త్రాణం, కంటికి జాలి, చెవులకు మూతలు, గొలుసును పట్టి నిలిపే పీచు నింపిన కాలి కవచం, గట్టి బూట్లు లేకుండా మొదలు పెట్టడం ధైర్యం కాదు. గంటల తరబడి అదురు వల్ల వేళ్లు తెల్లబడి మొద్దుబారే జబ్బు అడవి పనివారిలో బాగా తెలిసినదే. మధ్య మధ్య ఆగాలి.

పదును. ప్రతి పన్నుకూ గుండ్రని ఆకురాయి, లోపలి నుండి బయటికి, ఒకే దిశలో, అన్ని పళ్లకూ ఒకే లెక్క. పావు అంగుళపు గొలుసుకు 4 మిల్లీమీటర్ల ఆకురాయి. ఒక వైపు ఎక్కువ, మరొక వైపు తక్కువ పడితే రంపం పక్కకు గుంజుతుంది. పన్ను ముందున్న చిన్న బొడిపె లోతును నియమిస్తుంది, సుమారు 0.65 మిల్లీమీటరు కన్న ఎక్కువ అరగదీస్తే గొలుసు కొయ్యను కరిచి తన్నుతుంది. పదును ఉన్నదో లేదో చూడటానికి కిందికి చూడండి. పెచ్చులు రాలుతుంటే ఉన్నట్లు, పొడి రాలుతుంటే పోయినట్లు. పెట్రోలులో రెండు స్ట్రోకుల నూనె, తయారీదారు వేరే చెప్పకపోతే లీటరుకు 20 మిల్లీలీటర్లు. బారుకు పోసే నూనె వేరు.

ఇక చెక్కడం. మొద్దుకు నాలుగు వైపులా బొగ్గుతో గీసుకోవాలి. పెద్ద తలాలు ముందు, కళ్లు చెవులు చివర. ఎక్కడ ఆగాలో అక్కడ ముందుగా అడ్డకోత, తరువాత దాని దాకా నిలువుకోత. అట్లా చేస్తే ముక్క విడిపోతుంది, అవతలి భాగం చెడదు. ఎక్కువ కొయ్య తీయవలసిన చోట అంగుళానికొకటిగా ఒకే లోతుకు వరుస కోతలు వేసి, మధ్య మిగిలిన పలకలను గొడ్డలి వీపుతో కొట్టి రాల్చాలి.

ఈ చివరి మాట వినగానే ఆ ముసలి వడ్రంగి, "ఇది మాదే గదా" అన్నాడు. నిజమే. గొడ్డలితో దుంగను చదును చేసే ప్రతి వడ్రంగీ ముందు కావలసిన లోతుకు గాట్లు పెట్టుకుని, గాటుకూ గాటుకూ మధ్యది పెళ్లగిస్తాడు, తరువాత బాడిసతో నునుపు చేస్తాడు. ఆరెగన్ నుండి వచ్చిన పద్ధతి అని నేను పుస్తకంలో చదివినది ఈ తీరపు ఇసుకలో ఉన్న పద్ధతే. యంత్రం మార్చింది గాటు పెట్టే వేగాన్ని. గాటు ఎంత లోతు పెట్టాలో, ఎక్కడ ఆపాలో మార్చలేదు. తీసిన కొయ్యను తిరిగి పెట్టలేము అన్న సూత్రాన్ని అసలే మార్చలేదు. పైగా తప్పు చేసే వేగాన్ని కూడా అంతే పెంచింది.

ఒకటి మాత్రం అది తీసుకుపోయింది. ఇంజను రొదలో పెచ్చు చప్పుడు వినపడదు. చెవులకు మూతలు పెట్టుకున్నాక అసలే వినపడదు. బాడిస పనివాడికి చెవి చెప్పిన సంగతి గొలుసు రంపపు పనివాడికి చేతి అదురు చెప్పాలి. ఆ కొత్త చెవి సంపాదించుకునేదాకా, చివరి అంగుళం బాడిసకూ ఉలికీ వదిలేయడమే మంచిది.

కలవవలసిన వారు

నెల్లూరు జిల్లాలో కొయ్య చెక్కే విద్య ఇంకా బతికి ఉన్న చోటు తీరం కాదు, పడమటి కొండల కింద ఉదయగిరి. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకున్న దుర్గం ఉన్న ఊరు. అక్కడ ఎక్కువగా ముస్లిం కుటుంబాలలో, అందులోనూ స్త్రీలు, కొండ కొయ్యతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కుతారు. ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వారి కష్టం నైపుణ్యంలో లేదు, కొయ్యలో ఉంది. కొండ అడవి తరగని గని కాదు, అడవి చట్టాలు ఉండనే ఉన్నాయి.

ఇటు తీరంలో తుపాను వచ్చినప్పుడల్లా చెట్లు పడతాయి. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన తుపానులను ఆ వయసువారు నేటికీ తేదీలుగా వాడుకుంటారు. పడిన వేప, చింత, నిద్రగన్నేరు మొద్దులు గొలుసు రంపంతో అడుగడుగు ముక్కలై ఇటుక బట్టీలకు, పొయ్యిలకు పోతాయి. ఆ రంపం పట్టినవాడికి మొద్దులో బల్ల ఏదో, బొమ్మ ఏదో, గరిటె ఏదో చూపించేవారు లేరు. చూపించగలిగిన ముసలి వడ్రంగులు ఒడ్డున ఫైబరు పడవల నీడన కూర్చుని వలలు బాగుచేస్తున్నారు. కొయ్య కావలసినవారు నూరు కిలోమీటర్ల అవతల కొండ వైపు చూస్తున్నారు. ముగ్గురూ ఒకే జిల్లావారు.

నిలిచి ఉన్న చెట్టును కొట్టాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి కావాలి, అది ఉండవలసిందే. నేను అడుగుతున్నది పడినదాని గురించి. గాలివాన మరునాడు రంపం ఎత్తేముందు ఒక అనుభవజ్ఞుడి కన్ను ఆ మొద్దు మీద పడితే చాలు. ఏది పొయ్యికి, ఏది నీడకు అని చెప్పి పోతాడు. దానికి సంస్థలు, పథకాలు అక్కరలేదు. ఊరికి ఒకరు పూనుకుంటే సరిపోతుంది.

పగిలిన నా వేపమొద్దు ఇంకా వెనుక అరుగు మీద ఉంది. మొన్న ఆ పెద్దాయన వచ్చి, పగులు వెంట గాటు పెట్టి రెండుగా చీల్చి, చేతిలో తిప్పి చూసి, ఒక సగాన్ని నీడకు జరిపాడు. "దీంట్లో తొట్టి ఉంది" అన్నాడు. రెండో సగం పొయ్యికే అన్నాడు. తొట్టి ఎప్పుడు చెక్కుదాం తాతా అంటే, వానలు పోయినాక చూద్దాంలే అని బాడిసకు పదును పెట్టను పోయినాడు.